బర్రె కొట్టానికి ఇంటిపన్ను

పోస్ట్‌మ్యాన్ వస్తే జనం గుమ్మంలోకి వస్తారు. గ్యాస్ బండ వస్తే పరుగెత్తుకుని వస్తారు. ఇంటిపన్ను వాళ్ళం వస్తే మాత్రం తలుపు అవతల గడియ పడుతుంది. ఆ గడియ చప్పుడుకు మనసు చిన్నబుచ్చుకోవడం మానేసిన రోజున ఈ ఉద్యోగం సగం వచ్చినట్టే. మిగతా సగం ఎలా వస్తుందో చెప్పమని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను బిల్ కలెక్టరుగా చేరి ట్యాక్స్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. మధ్యలో జరిగిన ప్రమోషన్లు, బదిలీలు నా సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి. అవి చదివి ఎవరూ బాగుపడలేదు, నాతో సహా. నా పనంతా హైటెక్ సిటీ చుట్టుపక్కలే జరిగింది. చేరిన కొత్తల్లో ఇక్కడ బండరాళ్ళు ఎక్కువ, ఇళ్ళు తక్కువ. తర్వాత ఎంత వేగంగా కట్టారంటే, మేము రెండో అంతస్తు కొలిచి టీ తాగి వచ్చేలోపు మూడో అంతస్తుకు సెంట్రింగ్ పడేది.

బోరబండ బావమరుదులు

నాకు పని నేర్పింది జాఫర్ సాబ్ అనే పాత బిల్ కలెక్టరు. ఆయనకు టేపు మీద నమ్మకం తక్కువ, చెప్పుల మీద ఎక్కువ. "అమ్మా, ఇంట్లో ఎంతమంది ఉన్నరో యజమాని చెప్పడు. గుమ్మం ముంగట ఉన్న చెప్పులు చెప్తయి," అనేవాడు.

ఒకసారి బోరబండలో అరవై గజాల జాగాలో మూడంతస్తులు లేపిన నర్సింగ్‌రావు ఇంటికి ఇద్దరం వెళ్ళాం. సొంతానికి వాడుకునే ఇంటికి ఒక లెక్క, కిరాయికి ఇచ్చిన ఇంటికి ఇంకో లెక్క. కిరాయి లెక్క ఎక్కువ. అందుకని ఆయన ముందే సిద్ధమై ఉన్నాడు.

"మొదటి అంతస్తులో ఎవరుంటారు?" అని అడిగాను.

"మా బావమరిది మేడమ్."

"దాని పైన?"

"చిన్న బావమరిది."

"ఆ పైన రేకుల గదిలో?"

"ఇంకో బావమరిది. జర ముభావం మనిషి. బయటికి రాడు."

"మీ ఆవిడకు ఎంతమంది తమ్ముళ్ళండీ?"

వంటింట్లో నుంచి ఆయన భార్య గొంతు గట్టిగా వినిపించింది. "నాకు తమ్ముళ్ళేడున్నరు మేడమ్? మా అమ్మకు నేనొక్కదాన్నే!"

జాఫర్ సాబ్ నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఇంటిని కిరాయి లెక్కలోకి మార్చి, గెలిచిన ధీమాతో వచ్చేశాను.

ఆరు నెలల తర్వాత అదే గల్లీలో ఒకామె నన్ను ఆపింది. రేకుల గదిలో కిరాయికుండి జాకెట్లు కుట్టుకునే మనిషి. అంటే 'ముభావం బావమరిది' ఆవిడేనన్నమాట. "మీరొచ్చి పోయినంక మాకు కిరాయి పెంచిండు మేడమ్. పన్ను పెరిగింది, నేనేం జెయ్యాలె అంటుండు," అంది. పెరిగిన పన్నుకు రెండింతలు కిరాయి పెంచాడు నర్సింగ్‌రావు.

ఆ సంగతి జాఫర్ సాబ్‌తో చెబితే నవ్వలేదు. "నోటీసు ఒకరి పేర పోతది, దెబ్బ ఇంకొకరి వీపు మీద పడ్తది. సంతకం పెట్టేముందు ఆ వీపు ఎవరిదో చూసుకోవాలమ్మా," అన్నాడు. విన్నాను, తల ఊపాను. కొన్నాళ్ళకు మరిచిపోయాను. మరిచిపోవడం వల్ల ఏమైందో చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

రంగుల ఫిర్యాదు

నా సర్వీసు చివరి ఏళ్ళలో మా సర్కిల్‌కు మూర్తి గారని ఒక డిప్యూటీ కమిషనర్ వచ్చారు. గోదావరి జిల్లా మనిషి. కోపం రాదు, గొంతు పెంచరు, ఏ ఫైలు పెట్టినా "చూద్దామండి" అంటారు. ఆయనకున్న లోపం ఒక్కటే, కారు దిగరు. తనిఖీకి వెళ్ళినా అద్దం నాలుగు వేళ్ళు దించి, ఆ సందులోంచి బిల్డింగు చూసి, మళ్ళీ ఎత్తేసేవారు. అద్దంలోంచి నాలుగో అంతస్తు కనిపిస్తుంది కాని నేల కనిపించదు.

ఒక రోజు ఆయన టేబుల్ మీదకు ఆన్‌లైన్ ఫిర్యాదు ఒకటి వచ్చింది. గోపన్‌పల్లిలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి ఫణీంద్ర అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. సొంతూరు గుంటూరు వైపు. అతను పెట్టిన ఆ ఫిర్యాదులో మూడు సంగతులు. ఒకటి, తమ ప్రహరీ పక్కన బాలమణి అనే ఆవిడ బర్రెలు పెంచుతోంది, వాసన వస్తోంది. రెండు, ఆవిడది ఆరు వందల గజాల జాగా, అయినా ఆవిడ కట్టే ఇంటిపన్ను తన మూడు గదుల ఫ్లాటుకు కట్టే దాంట్లో పావు వంతు కూడా లేదు. మూడు, ఆవిడ పక్కన ఒక ఖాళీ ప్లాటు ఉంది, దాని యజమాని ఏమీ కట్టడం లేదు, దోమలు మాత్రం సరఫరా చేస్తున్నాడు. కింద ఒక గ్రాఫు కూడా జత చేశాడు.

మూర్తి గారు గ్రాఫు చూసి ముచ్చటపడిపోయారు. "చూశారా అనసూయ గారూ, రంగుల్లో వేశారండి. వెళ్ళి రెండూ కొలిచి వచ్చేయండి."

ఇక్కడ మా రూలు ఒకటి చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. ఇంటికైతే కట్టిన మేరను బట్టి పన్ను వేస్తాం. ఖాళీ స్థలానికి మాత్రం భూమి ధరను బట్టి వేస్తాం, రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకంలో గజం ఎంత అని ఉంటే దాని మీద. ఇల్లు ఉన్న జాగాలో కట్టడం ఎంత మేర ఉందో, దానికి మూడింతల ఖాళీని ఇంటి ఆవరణ కింద వదిలేస్తాం. అంతకు మించి ఉన్నదంతా ఖాళీ స్థలం కిందే లెక్క. ఆఫీసులో ఏసీ కింద చదివితే ఇది చాలా న్యాయంగా కనిపిస్తుంది.

నేను భయపడిన బర్రె

బాలమణి ఇంటికి దారి రెండు అపార్ట్‌మెంట్ల ప్రహరీల మధ్య నుంచి ఉంది. లోపలికి వెళితే పెంకుటిల్లు, వాకిట్లో వేపచెట్టు, వెనక బర్రెల కొట్టం. డెబ్బై ఏళ్ళ మనిషి, చీర బొడ్లో దోపుకుని పేడ తీస్తోంది. భర్త పోయాడు, కొడుకు స్కూలు బస్సు నడుపుతాడు. ఇది వాళ్ళ తాతలనాటి జాగా. చుట్టూ పొలాలన్నీ అమ్ముడై బిల్డింగులు లేచినా వీళ్ళు ఇది అమ్మలేదు.

తలుపు గడియ వేయని ఇల్లు నా సర్వీసులో అదొక్కటే కావచ్చు. తలుపే సరిగా లేదు.

"కొలువనీకొచ్చినవా బిడ్డా? కొలువు. ముందుగాల్ల ఇన్ని మజ్జిగ తాగు," అంది. "మా ఇంటికి పొద్దు పదకొండు గంటలకు పొడుస్తది. గా బిల్డింగు దాటి రావాలె గదా సూర్యుడు. అందాక నీడపట్టున కొలుచుకో."

మజ్జిగ తాగి ఇల్లు కొలిచాను. డెబ్బై గజాలు వచ్చింది. తర్వాత కొట్టం వైపు వెళ్ళాను. గుమ్మానికి అడ్డంగా ఒక ముర్రా జాతి బర్రె నిలబడి ఉంది. నేను టేపు లాగితే అది చర్రుమన్నది. ఆ చప్పుడు దానికి నచ్చలేదు. తల దించి, ముక్కుతో బుస్సుమని, కాలు ఒకసారి నేలకేసి కొట్టింది. అప్పటికి నాకు యాభై ఆరేళ్ళు, మోకాళ్ళు అంతంత మాత్రం. పుస్తకంలో 'పశువుల కొట్టం — తాత్కాలిక కట్టడం — కొలవనక్కరలేదు' అని రాసుకుని గౌరవంగా వెనక్కి నడిచాను.

పిల్లలూ, నా ముప్పై ఏళ్ళ సర్వీసులో చేసిన పెద్ద తప్పు అదే. లంచం తీసుకోలేదు, ఫైలు మాయం చేయలేదు. బర్రెకు భయపడి ఒక కట్టడాన్ని కొలవలేదు.

డెబ్బై గజాల ఇంటికి మూడింతలు, అంటే రెండు వందల పది గజాలు ఆవరణ. రెండూ కలిపి రెండు వందల ఎనభై. మిగిలిన మూడు వందల ఇరవై గజాలూ ఖాళీ స్థలం కింద పడ్డాయి. గోపన్‌పల్లిలో గజం ధర మీకు తెలియంది కాదు. నోటీసులో వచ్చిన అంకెను చూసి మా కంప్యూటర్ ఆపరేటరు, "మేడమ్, సున్న ఎక్కువ పడిందేమో చూడండి," అని రెండుసార్లు అడిగాడు. సున్న సరిగ్గానే ఉంది. నేను సంతకం పెట్టాను. అదే రోజు పక్క ప్లాటుకు కూడా నోటీసు పంపాను.

మూడో రోజు పొద్దున బాలమణి పాలక్యానుతో సహా మా ఆఫీసుకు వచ్చింది. నోటీసు నాలుగు మడతలు పెట్టి పాలిథిన్ కవర్లో పెట్టుకుంది.

"ఏంది బిడ్డా గిది? నా కొడుకు చదివి అన్నం ముట్టలే. నేనేం తప్పు జేసిన?"

"తప్పేం లేదవ్వా. మీ భూమి ధర పెరిగింది. దాని మీద పన్ను."

"నేను పెంచిన్నా?"

"లేదు. రోడ్లు వచ్చినయి, కంపెనీలు వచ్చినయి, దాంతో పెరిగింది."

"అయితే కంపెనీలనే అడుగు. భూమి ధర పది రెట్లు పెరిగిందంటవు. మరి దాని మీద నిలబడ్డ నా బర్రె పది రెట్లు పాలిస్తలేదు గదా? పొద్దుగాల ఆరు లీటర్లు, మాపటీలి నాలుగు లీటర్లు. ఎన్నడైనా గంతే. దానికి తెల్వదా ధర పెరిగిన సంగతి?"

సీట్లలో ఉన్నవాళ్ళంతా తలెత్తారు. ఎవరూ నవ్వలేదు. అభ్యంతరం రాసివ్వమని చెప్పి, నేనే తెలుగులో రాసి, వేలిముద్ర వేయించుకున్నాను. "ఇంతకీ మజ్జిగ తాగిపిచ్చిన దానికా ఇంత వేసినవు?" అని వెళ్ళేటప్పుడు అడిగింది. వేళాకోళానికే అంది. నేను మాత్రం ఆ కాగితాన్ని ఆ పూటే మూర్తి గారి టేబుల్ మీద పెట్టాను.

వంకాయ సేద్యం

పక్క ప్లాటు సుధాకర్ రెడ్డిది. అనంతపురం జిల్లా నుంచి ఇరవై ఏళ్ళ కింద బోరు మోటార్ల వ్యాపారానికి వచ్చి, ధర తక్కువగా ఉన్నప్పుడు నాలుగు వందల గజాలు కొని, గేటుకు తాళం వేసి కూర్చున్నాడు. ఆయన అభ్యంతరం ఒకే వాక్యం. 'సదరు స్థలము నందు వ్యవసాయం చేయుచున్నాను గనుక పన్ను వర్తించదు.' సాగు చేసే భూమికి మా పన్ను లేదన్న మాట నిజమే.

మూర్తి గారు ముగ్గురినీ ఒకే రోజు విచారణకు పిలిచారు. ఫిర్యాదుదారుగా ఫణీంద్ర ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. సుధాకర్ రెడ్డి తెల్లచొక్కాతో వచ్చాడు. బాలమణి వచ్చి, కుర్చీ చూపించినా గోడవారగా నిలబడింది.

ఫణీంద్ర మొదలుపెట్టాడు. "సార్, నా పాయింట్ చాలా సింపులండి. భూమి అనేది ఎవరూ తయారు చేసింది కాదు. దాని విలువ సిటీ మొత్తం కలిసి పెంచింది. కాబట్టి ఎవరి దగ్గర ఎంత భూమి ఉందో దాన్నిబట్టే పన్ను ఉండాలండి. మా ఫ్లాటుకు భూమిలో వాటా నలభై గజాలు. ఈవిడకు ఆరు వందలు. నేను ఎక్కువ కట్టడం ఏం న్యాయమండి?"

మాట చక్కగా ఉంది. మూర్తి గారు తల ఊపారు. నాకూ తప్పు కనబడలేదు.

బాలమణి మాత్రం అతన్ని అప్పటిదాకా పరీక్షగా చూస్తోంది. "నువ్వు సీ బ్లాకు నాలుగో అంతస్తు పిలగానివి గాదు? నీ పెండ్లాం నా తాన దినాం అర్ధ లీటరు పోయించుకుంటది. మొన్న పాలు చిక్కగున్నయని మెచ్చుకున్నది గూడ."

ఫణీంద్ర మొహం ఎర్రబడింది. "అది... ఆ విషయం వేరేనండి."

"వాసన నా తాన్నే ఆగాలె, పాలు మాత్రం నీ ఇంటికి రావాల్నా బిడ్డా?"

నేను నవ్వు దాచుకోవడానికి ఫైలు తిప్పుతూ అడిగాను. "ఫణీంద్ర గారూ, మీకు ఫ్లాటు కాక ఇంకెక్కడైనా స్థలం ఉందా?"

"ఉందండి. కొల్లూరు దగ్గర రెండు వందల గజాలు. కాని అది ఇన్వెస్ట్‌మెంట్ మేడమ్. దాని మీద నాకు రూపాయి ఆదాయం లేదు. దానికి భూమి ధర మీద పన్నంటే చాలా అన్యాయమండి."

సుధాకర్ రెడ్డి వెంటనే అందుకున్నాడు. "అదే సార్ నేనూ చెప్తాండేది! ధర పెరిగింది పెరిగింది అంటారు, యాడ పెరిగింది సార్? కాగితం మీద పెరిగింది. నా జేబులోకి ఏమొచ్చింది? అమ్మినప్పుడు గదా దుడ్డు వచ్చేది!"

ఆ మాట వింటూ ఉంటే నాకు ఒకటి తట్టింది. పాలక్యానుతో వచ్చిన రోజు బాలమణి చెప్పింది, ఇప్పుడు రెడ్డి చెప్పేది, ఫణీంద్ర తన కొల్లూరు ప్లాటు గురించి చెప్పింది, మూడూ ఒకటే మాట. చేతికి రాని డబ్బు మీద పన్నేమిటి అని. రూలు పుస్తకం ముందు ముగ్గురూ ఒకటే. కాని ముగ్గురూ ఒకటి కాదని గదిలో ఉన్న అందరికీ తెలుసు. ఎందుకు కాదో రెండు ముక్కల్లో చెప్పమంటే మాత్రం ఎవరికీ నోరు పెగలడం లేదు.

పెగిలింది బాలమణికే. "వాళ్ళిద్దరు ధర ఎప్పుడు పెరుగుతదా అని కాసుకోని కూసున్నరు సారూ. నేను బర్రెల పాలు పిండుకుంట ఉన్న. నాకు తెల్వకుంటనే పెరిగింది."

మూర్తి గారు పెన్నుకు మూత పెట్టారు. తర్వాత ఎవరూ ఊహించని మాట అన్నారు. "పదండి, వెళ్ళి చూద్దామండి."

'చూద్దామండి' అన్నాక ఆయన నిజంగా చూడడానికి లేవడం నేను మొదటిసారి చూశాను.

సార్ కారు దిగిన రోజు

సుధాకర్ రెడ్డి ప్లాటు గేటు తీశాడు. లోపల నిజంగానే పంట ఉంది. నాలుగు వరసల్లో వంగమొక్కలు, ప్రతి మొక్కకూ రెండేసి కాయలు. పిచ్చిమొక్క ఒక్కటి లేదు. నేల మాత్రం బండలా గట్టిగా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి సాగు చేస్తున్నారండి?" మూర్తి గారు కారులోంచే అడిగారు.

"నాలుగేండ్లుగా చేస్తాండా సార్. మేము తరతరాలుగా రైతులం. మట్టి వాసన లేకుంటే నిద్ర పట్టదు నాకు."

ఇంతలో రెండు ప్లాట్ల మధ్య కూలిన గోడ సందులోంచి బాలమణి బర్రె దిగింది. అదే, నన్ను బెదిరించిన ముర్రా. మనుషులెవరినీ లక్ష్యపెట్టకుండా తిన్నగా మొదటి వరసలోకి వెళ్ళి ఒక వంగమొక్కను నోటితో పట్టుకుని లాగింది. మొక్క వేళ్ళతో సహా కాదు, నర్సరీ వాళ్ళు ఇచ్చే నల్ల ప్లాస్టిక్ సంచీతో సహా పైకి వచ్చింది. సంచీ కింద గుండ్రటి గుంట. బర్రె ఆ సంచీని నోట్లో పట్టుకుని మా అందరి వైపూ తిరిగి చూసింది. సంచీ మీద నర్సరీ పేరు, ధర చీటీ ఉన్నాయి, చీటీకి తడి కూడా ఇంకా ఆరలేదు.

ఫణీంద్ర గట్టిగా నవ్వేశాడు. సుధాకర్ రెడ్డి మాత్రం గొంతు ఇంకా పెంచాడు. "చూడండి సార్! పంటంతా పాడు చేస్తాండాది! నాకు నష్టపరిహారం ఇప్పించాల!"

"తప్పకుండా ఇప్పిద్దామండి," అన్నారు మూర్తి గారు. "మొక్కలు ఎప్పుడు కొన్నారో ఆ బిల్లు జత చేసి అర్జీ పెట్టుకోండి."

అర్జీ రాలేదు.

ఈలోపు బాలమణి, "హోయ్, నీ బొంద, ప్లాస్టిక్ మింగుతవే!" అని కేకలేస్తూ బర్రె నోట్లోంచి సంచీ లాగి, దాన్ని కొట్టంలోకి తోలుకుపోయింది. ప్లాస్టిక్ కడుపులోకి పోయిందేమోనని ఆవిడ గాభరా. మూర్తి గారు కారు తలుపు తెరిచారు. ఒక కాలు కింద పెట్టారు. సరిగ్గా పేడలో పెట్టారు. ఒక్క క్షణం ఆయన మొహంలో రంగులన్నీ మారాయి, ఆ పైన 'ఇంకేముందిలే' అన్నట్టు రెండో కాలు కూడా దింపి, ఆవిడ వెనకే కొట్టంలోకి నడిచారు. మేమందరం ఆయన వెనక.

కొట్టం లోపల నేను మొదటిసారి నిలబడ్డాను. సిమెంటు నేల, ఇనుప స్తంభాలు, పైన సిమెంటు రేకులు, నీళ్ళ తొట్టి, బర్రెలకు ఒక సీలింగు ఫ్యాను. పక్కనే గడ్డి వేసుకునే గది, దానికీ పైకప్పు.

"ఇది ఎవరు కట్టారమ్మా?"

"మా ఆయన కట్టిండు సారూ. మా ఇల్లు కురిసినా సరే, కొట్టం కురవద్దనేటోడు."

మూర్తి గారు నా వైపు తిరిగారు. "అనసూయ గారూ, ఇది తాత్కాలిక కట్టడం అని రాశారండి మీరు. నా క్వార్టర్ కంటే గట్టిగా ఉంది కదండీ? ఎందుకు కొలవలేదు?"

అబద్ధం చెప్పడానికి నాలుగు దారులు కనిపించాయి. ముప్పై ఏళ్ళు అందరి అబద్ధాలూ పట్టుకున్నదాన్ని కదా, ఏది నిలవదో నాకు తెలుసు. "బర్రెకు భయపడ్డాను సార్," అన్నాను.

బాలమణి నవ్వింది. "అది ఏమనదు బిడ్డా. టేపు జూస్తె జర పరేషాన్ అయితది. మనుషుల లెక్కనే."

ఆవిడ బర్రె మెడ పట్టుకుని నిమురుతుంటే నేను టేపు పరిచాను. రెండో కొస పట్టుకోవడానికి మనిషి లేక చూస్తుంటే సుధాకర్ రెడ్డి ముందుకొచ్చి పట్టుకున్నాడు. ఫణీంద్ర ఫోనులో లెక్క వేశాడు. కొట్టం అరవై గజాలు, గడ్డి గది పదిహేను. ఇంటితో కలిపి కట్టడం నూట నలభై ఐదు. దానికి మూడింతలు నాలుగు వందల ముప్పై ఐదు. రెండూ కలిపితే ఐదు వందల ఎనభై.

"ఎక్కువైంది ఇరవై గజాలేనండి," అన్నాడు ఫణీంద్ర, తన గ్రాఫు తానే చెరిపేసుకున్న మొహంతో.

మూడు వందల ఇరవై కాస్తా ఇరవైకి దిగింది. బదులుగా కొట్టానికి ఇంటిపన్ను పడింది. అది బాలమణికి చెప్పడం నా వంతు.

"బర్రెకు గూడ పన్నా బిడ్డా?"

"బర్రెకు కాదవ్వా, కొట్టానికి. దీని పన్ను కడితే భూమి పన్ను దాదాపు పోతది."

ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "అంటె కట్టింది ఎక్కువుంటె తక్కువ, తక్కువుంటె ఎక్కువ. ఇంత తిరకాసు రూలు ఎవలు రాసిన్రో గని, బర్రెలు లేనోడు రాసిండు."

సుధాకర్ రెడ్డి పన్ను కట్టాడు, సణుగుతూనే. రెండేళ్ళు కట్టాక, ఊరికే ఉంచుకోవడం గిట్టుబాటు కాక అక్కడ నాలుగంతస్తులు కట్టాడు. ఇప్పుడు పదహారు కుటుంబాలు ఉంటున్నాయి. ఫణీంద్ర సంఘం ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. ఫణీంద్ర ఇంటికి పోసే అర్ధ లీటరు మాత్రం వారం రోజులు ఆగిందట. బాలమణే ఆపింది.

నా అభిప్రాయం, అడిగారు కనుక

భూమి ధర మీద పన్ను న్యాయమేనా అని మీరు అడుగుతారు. నా మట్టుకు నాకు చాలావరకు న్యాయమే. ధర పెంచింది యజమాని కష్టం కాదు, ఊరంతా కలిసి పెంచింది. తాళం వేసుకుని కూర్చున్నవాడి దగ్గర కొంత తిరిగి అడగడంలో తప్పు లేదు. పైగా నర్సింగ్‌రావు లాగా కిరాయిదారు మీదకు తోసేయడానికి ఖాళీ స్థలంలో కిరాయిదారు ఉండడు. ఫణీంద్ర చెప్పినదాంట్లో సగం నిజమని నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను.

కాని అమ్మే ఉద్దేశం లేకుండా అదే జాగాలో బతికే మనిషిని, అమ్మితే వచ్చే డబ్బు చూపించి ఏటేటా కట్టమంటే, పన్ను పేరుతో ఊరు విడిచి పొమ్మన్నట్టే. అలాంటివాళ్ళ పన్ను రాసి పెట్టుకుని, జాగా ఎప్పుడైనా అమ్మిన రోజున తీసుకుంటే పోదా అని నేనొక నోట్ రాసి మూర్తి గారికిచ్చాను. "చూద్దామండి," అన్నారు. ఈసారి లేవలేదు. బాలమణి అదృష్టం కొద్దీ ఆమె భర్త కొట్టం గట్టిగా కట్టాడు కనుక బయటపడింది. అలాంటి కొట్టం లేని వాళ్ళు ఎంతమంది నా సంతకంతో జాగా అమ్ముకుని పోయారో నాకు తెలియదు. రిటైరయ్యాక అప్పుడప్పుడు గుర్తొచ్చేది ఆ లెక్కే.

కాబట్టి మీకు చెప్పేది ఇంతే. కొలవండి, మొత్తం కొలవండి. అడ్డంగా ఏది నిలబడ్డా సరే.

నేను రిటైరయ్యే ఏడాది ఏప్రిల్‌లో, ముందే కట్టేవాళ్ళకు రాయితీ ఇచ్చే రోజుల్లో, బాలమణి కౌంటరు ముందు మొదటి వరసలో నిలబడింది. డబ్బు కట్టి, రసీదు తీసుకుని, నా టేబుల్ దగ్గరకు వచ్చింది.

"బిడ్డా, ఒక్క సంగతడుగుత. భూమి ధర పెరిగితె పన్ను పెరుగుతది గదా. మరి ధర తగ్గితె?"

"తగ్గాలె అవ్వా. కాని గోపన్‌పల్లిలో ధర ఎక్కడ తగ్గుతది?"

"అది నాకు ఇడువు," అంది, రసీదు బొడ్లో దోపుకుంటూ. "ఇంకో నాలుగు బర్రెలను తెస్తున్న. వాసనకు మా తాన భూమి కొననీకె ఎవడూ రాడు. ధర అదే దిగుతది."

మా ఊళ్ళో అందరూ అమ్మేటప్పుడు ధర ఎక్కువ చెబుతారు, పన్ను కట్టేటప్పుడు తక్కువ చెబుతారు. తన భూమి ధర నిజంగానే తగ్గాలని కోరుకున్న యజమానిని ముప్పై ఏళ్ళలో ఆ ఒక్కరినే చూశాను.